ముందుగాల సున్న, తర్వాత పిన్ను

పింఛను తీసుకునేవాళ్లం బతికే ఉన్నామని ఏడాదికోసారి రుజువు ఇచ్చుకోవాలి. ఈసారి ఆ పని మీద కరీంనగర్ వెళ్లి, రకరకాల కాగితాల పనులు జరిగే ఒక ఆఫీసులో టోకెను తీసుకుని బెంచీ మీద కూర్చున్నాను. కిటికీ అవతల కంప్యూటరు ముందున్న అమ్మాయి హెడ్‌ఫోన్ పెట్టుకుని ఏదో చూస్తోంది. పై అధికారి రావడం చూసి గబుక్కున పిన్ను పీకేసింది. చెవుల్లో ఉన్న పాటంతా స్పీకర్లలోంచి ఒక్కసారిగా గదిలోకి వచ్చి పడింది. వేలిముద్ర వేస్తున్న ముసలాయన చెయ్యి జారింది. అందరూ నవ్వారు.

నేను నవ్వలేదు. "ముందుగాల సున్న, తర్వాత పిన్ను," అన్నాను, పైకే.

అది నా మాట కాదు. ఆ మాట అనే మనిషిని మట్టిచేసి అప్పటికి నెల కూడా కాలేదు. నా నోట అది విని ఎదుటి బెంచీ మీది ఒకామె తల తిప్పి చూసింది. ఆమె సంగతి చివర చెబుతాను. ముందు ఆయన సంగతి.

చొప్పదండిలో మా చర్చి వెనుక గదిలో నాలుగు కంప్యూటర్లు ఉండేవి. పిల్లల చదువుకని ఒక దాత ఇచ్చినవి. పిల్లలు వచ్చింది తక్కువ. మగవాళ్లు గల్ఫ్‌లో ఉన్న ఇళ్ల ఆడవాళ్లు వచ్చింది ఎక్కువ. మా సంఘం వాళ్లూ వచ్చేవారు, హిందువుల ఇళ్ల నుంచీ వచ్చేవారు. బొమ్మ చూస్తూ మాట్లాడే ఫోన్లు అప్పటికి అందరి చేతుల్లోకి రాలేదు. అక్కడ సెలవు శుక్రవారం కనుక ఇక్కడ రద్దీ కూడా శుక్రవారమే. అందరూ కలిపి 'దుబాయి టైము' అనేవారు. దుబాయి మనకంటే గంటన్నర వెనుక, సౌదీ రెండున్నర గంటలు వెనుక. ఆ తేడా చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టేది. నేను లెక్కల టీచరుగా పనిచేసి రిటైరైనదాన్ని. గది తాళంచెవి నా దగ్గర ఉండేది.

మొదట గది చూసుకున్నది సంఘంలోని ఒక యువకుడు. ఆ కంప్యూటర్లకు ఒక గుణం ఉంది. హెడ్‌ఫోన్ పిన్ను ఉన్నంతసేపు మాట చెవుల్లోనే ఉంటుంది. పిన్ను ఊడిందా, అదే మాట అదే జోరుతో స్పీకర్లలోంచి బయటికి వస్తుంది. ఒక శుక్రవారం, కొత్తగా పెళ్లయిన ఒకామె మాట్లాడుతుండగా వైరు ఎవరి కాలికో తగిలి పిన్ను ఊడింది. మొగుడు ఆమెతో అన్న మాట గదంతా విన్నది. ఆ యువకుడు సరిచేయాల్సింది పోయి, పడీపడీ నవ్వాడు. ఆ మాట వారం రోజులు బజారులో తిరిగింది. తర్వాత ఆడవాళ్లంతా కలిసి పాస్టరు గారి దగ్గరికి వచ్చారు.

"మాకు చెవులున్నోడు వద్దు సారూ," అన్నారు. "చెవులు లేనోన్ని పెట్టండ్రి."

మా సంఘంలో అటువంటి మనిషి ఒక్కడే ఉన్నాడు.

ఆయన శ్రీరాంపూర్ వైపు బొగ్గుబాయిల్లో పనిచేసి వచ్చినవాడు. భార్య ఊరు చొప్పదండి కావడంతో రిటైరయ్యాక ఇక్కడ ఇల్లు కట్టుకున్నాడు. భార్య ముందే పోయింది. లోపల బొగ్గును పేల్చే తూటాల మోతకు కుడి చెవి పూర్తిగా పోయింది. ఎడమ చెవిలో ఏదో గాలి వీచినట్టు ఉంటుందని చెప్పేవాడు. తనకు వినిపించదు కనుక, ఎదుటివాళ్లకూ వినిపించదేమోనని గట్టిగా మాట్లాడేవాడు. గదిలో ఎవరైనా గొంతు పెంచినట్టు ముఖం చూసి కనిపెట్టాడంటే, "మెల్లగ మాట్లాడుండ్రి!" అని అరిచేవాడు. నలుగురూ అదిరిపడేవారు.

బాలవ్వ అని ఒకామె ఉండేది. కొడుకు నర్సయ్య సౌదీలో. ఆమె ఒకసారి హెడ్‌ఫోన్ తీసి ఆయన ముఖంలోకి చూస్తూ అన్నది: "తాతా, నీ సప్పుడు ఆడ నా కొడుక్కు ఇనవడ్డది. ఎవలే కొట్లాడుతున్నరని అడుగుతుండు."

ఆయన ఆమె పెదవుల్ని చదివి, "కొట్లాట కాదు, సర్దుడని చెప్పు," అన్నాడు, ఇంకా గట్టిగా.

అందరూ ఆయన్ని సౌండు తాత అనేవారు. నేను అనలేదు. ఇప్పుడు కూడా పేరు రాయను. ఆయనకు రాతలో ఉండటం ఇష్టం లేదు.

ఆయన పని తీరు ఇది. ఒకరు లేవగానే, ఇంకొకరు కూర్చోకముందే, తెర అడుగున కుడివైపు మూలనున్న స్పీకరు బొమ్మను నొక్కి, గీతను సున్నకు దించేవాడు. అప్పుడే పిన్ను తీసేవాడు. చెవులకు తగిలే మెత్తల్ని స్పిరిటు ముంచిన గుడ్డతో తుడిచేవాడు. "నీ తల నూనె ఆమెకెందుకు?" అనేవాడు. మళ్లీ పిన్ను పెట్టి, తెర మీద స్పీకరు పేరు, హెడ్‌ఫోన్ పేరు ఒకదాని కింద ఒకటి ఉన్న చోట ఆకుపచ్చ గుర్తు దేనికి ఉందో వేలు పెట్టి చూసేవాడు. చివరికి ఎడమ చేతి వేళ్ల కొసలు స్పీకరు జాలీ మీద ఆనించి, కాసేపు అలాగే ఉండేవాడు. అది ఊగకపోతేనే కూర్చోమనేవాడు.

ఆ వేళ్ల సంగతి ఒకసారి అడిగాను. బాయిలో నెత్తి మీది కప్పు గట్టిగా ఉందో లేదో కర్రతో తట్టి చూస్తారట. గట్టిగా ఉంటే ఖణేలుమంటుంది. లోపల పట్టు వదిలేసి ఉంటే బోలుగా పలుకుతుంది. చెవులు మందగించాక ఆయన కుడి చేత్తో తడుతూ ఎడమ చేతి వేళ్లు కప్పుకు ఆనించి పెట్టేవాడట.

"చెవికన్న వేలు నయం టీచరమ్మా," అన్నాడు. "చెవిని పరాకు పట్టించచ్చు. వేలిని పట్టించలేం."

ఆయన నిలబడే చోటు కూడా మారేది కాదు. కంప్యూటర్ల వెనుక, గోడకు ఆనుకుని, మాట్లాడేవాళ్లకు ఎదురుగా. తెరలు ఆయనకు కనిపించవు, ముఖాలు కనిపిస్తాయి. మొదట్లో ఆడవాళ్లు ఇబ్బంది పడ్డారు. తర్వాత అలవాటైంది. వైరు వదులైనా, మాట తెగిపోయినా వాళ్లు చెప్పకముందే ఆయన వచ్చేవాడు. కనుబొమ్మలు చూసి తెలుసుకునేవాడు.

అత్తలతోనే ఆయనకు తగువు. కోడలు మాట్లాడుతుంటే పక్కన నిలబడి, మాట బయటికి పెట్టమనేవారు. స్వరూప అనే అమ్మాయి అత్త మరీ పట్టుపట్టేది.

"నా కొడుకు మాట నేనినద్దా? ఆ పిన్ను పీకు."

"ఆమె అయినంక నువ్వు కూసో. నీ మాట నీకు, ఆమె మాట ఆమెకు."

"అండ్ల ఏమంత రహస్యాలున్నయో నీకెరుకనా?"

"నాకేం ఎరుక? నేను చెవిటోన్ని."

"చెవిటోనివి నీకేందయ్యా, నడుమ?"

"చెవిటోన్ని కాబట్టే నడుమ నిలవెట్టిండ్రు," అన్నాడు.

గదిలో నవ్వులు. హెడ్‌ఫోన్ కింద స్వరూప కూడా నవ్వింది. ఆ అమ్మాయి నవ్వడం నేను చూసింది ఎక్కువసార్లు కాదు. ఆమె భర్త శంకర్ సౌదీలో సూపర్‌వైజరని ఊళ్లో అందరికీ తెలుసు. కారు పక్కన నిలబడి దిగిన ఫోటో వాళ్ల మామ దర్వాజ మీద వేలాడదీశాడు. దారినపోయే వాళ్లను పిలిచి మరీ చూపించేవాడు. బాలవ్వ కొడుకు నర్సయ్య, శంకర్ ఒకే ఏజెంటు ద్వారా వెళ్లి, ఒకే క్యాంపులో ఉన్నారు.

ఇప్పుడు చెప్పబోయే శుక్రవారం నేను గదిలోనే ఉన్నాను. మూడో కంప్యూటరు దగ్గర జరిగిందని చెప్పుకుంటారు. కాదు. గోడ వైపు నుంచి లెక్కపెడితే నాలుగోది, తలుపు పక్కది. దాని ముందు స్వరూప కూర్చుంది. ఒక కుర్చీ వదిలి బాలవ్వ కొడుకుతో మాట్లాడుతోంది. ఇంకో ఇద్దరు ఆడవాళ్లు బెంచీ మీద వంతు కోసం చూస్తున్నారు.

స్వరూప మాటలు ఆపేసింది. నాకు ఆమె ముఖం ఒక పక్కే కనిపిస్తోంది. నాకేమీ తెలియలేదు. ఆయన మాత్రం గోడను వదిలి ఒక అడుగు ముందుకు వచ్చాడు. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చెయ్యి తీసి మళ్లీ ఏదో అన్నది, గొంతు లేకుండా, పెదవులతో. పక్కవాళ్లకు వినిపించకూడదని అలా మాట్లాడిందని నేననుకున్నాను. ఆ పెదవులు చదవగలిగింది గదిలో ఆయనొక్కడే. 'వద్దు, నీ కాళ్లు మొక్కుత, వద్దు. బిడ్డ మొగం చూడు,' అన్నదని ఆయన తర్వాత నాకు చెప్పాడు.

ఆయన బల్ల చుట్టూ తిరిగి వచ్చాడు. సున్నకు దించుతాడనుకున్నాను. గీతను చివరిదాకా పైకి జరిపాడు. పిన్ను పీకేశాడు.

శంకర్ గొంతు గదిలోకి వచ్చింది. పెద్ద మగవాడు వెక్కి వెక్కి ఏడుస్తున్న గొంతు అది. నెలల సంది పని లేదని, కంపెనీ మూసేసిండ్రని, సూపర్‌వైజరన్నది అబద్ధమని, కారు ఎవరిదో అని, దయగలవాళ్లు పెడితే తింటున్నానని చెబుతున్నాడు. బాపుకు చెప్పకు అంటున్నాడు. "గీ రోజుతోని అయిపోతది. నువ్వు చిన్నదానివి. మారుమనువు చేసుకో. నా మీద ఒట్టు, చేసుకో," అన్నాడు.

స్వరూప పిన్ను కోసం వైరు మీద పడింది. ఆయన పిన్నును పిడికిట్లో పట్టుకుని వదల్లేదు. రెండో చేతి వేళ్లు స్పీకరు జాలీ మీద ఆనించి ఉన్నాయి. ఆ వచ్చేదంతా ఆయనకు ఒక్క ముక్క వినిపించదు. వస్తోందో లేదో వేళ్లతో చూసుకుంటున్నాడు.

బాలవ్వ హెడ్‌ఫోన్ ఒక చెవి మీది నుంచి జారవేసింది. ఒక్క క్షణం విన్నది. తన తెర వైపు తిరిగి ఒకటే అరుపు: "నర్సిగా! శంకర్ రూముకు ఉరుకు! బిడ్డా, ఉరుకు! తలుపు వలగ్గొట్టు!"

ఆమె తెర మీద ఖాళీ మంచం కనిపించింది. మేమంతా స్వరూప ముందున్న కంప్యూటరు చుట్టూ చేరాం. ఎవరి నోటికి వచ్చింది వాళ్లు అన్నారు. "అన్నా, నేను మంకవ్వ బిడ్డను," అని ఒకామె. "పని పోతే పోయింది, నువ్వు రా అన్నా," అని ఇంకొకామె. నేను కూడా ఏదో అన్నాను. ఏమన్నానో ఎంత ఆలోచించినా గుర్తు లేదు. స్వరూప మాత్రం ఏమీ అనలేదు. ఆ తర్వాత స్పీకర్లలోంచి తలుపు బాదుతున్న మోత, ఏదో విరిగిన చప్పుడు, నర్సయ్య గొంతు. "వట్టుకున్న. అవ్వా, వట్టుకున్న," అన్నాడు.

ఆయన మా ముఖాలు చూశాడు. అప్పుడు జాలీ మీది నుంచి వేళ్లు తీశాడు.

స్వరూప ఆయన పిడికిలి విప్పి పిన్ను తీసుకుంది. దాన్ని మళ్లీ కంప్యూటరుకు పెట్టింది. అటువైపు మాట్లాడేవాళ్లు అప్పటికి ఎవరూ లేరు. పెట్టి, కొంగు సర్దుకుని, ఎవరి వైపూ చూడకుండా వెళ్లిపోయింది.

శంకర్ ఊరికి తిరిగి వచ్చాడు. ఎవరూ అతన్ని ముఖం మీద ఏమీ అనలేదు. కారు ఫోటో దర్వాజ మీది నుంచి దిగింది. మామ అరుగు మీద కూర్చోవడం మానేశాడు. అసలు దెబ్బ స్వరూపకు తగిలింది. నీళ్ల కాడ, కిరాణా దుకాణం కాడ, "ఏమే, మారుమనువు ఎన్నడు?" అనేవారు. అన్నవాళ్లలో ఆ రోజు గదిలో ఉన్నవాళ్లు కూడా ఉన్నారు. నా ఎదుట అన్న ఒకామెను నేను అక్కడే నిలబెట్టి కడిగేశాను. దాని వల్ల ఒరిగింది లేదు. నా ఎదుట అనడం మానేశారు, అంతే.

ఒక రోజు స్వరూప గదికి వచ్చింది. ఆయన మెత్తలు తుడుస్తున్నాడు.

"టీచరమ్మా, నేననేది ఆయనకు సమజయ్యేటట్టు చెప్పు," అన్నది నాతో. "నా మొగని ఏడుపు నాది. నాకొక్కదానికే చెప్పుకున్నడు. చెవిటోనివని నిన్ను నమ్మితిమి. నువ్వే ఊరికి చెవులైతివి."

నేను చెప్పనవసరం లేకపోయింది. ఆయన ఆమె పెదవుల్నే చూస్తున్నాడు. ఆమె వెళ్లిపోయాక చేతిలోని గుడ్డ మడిచి పెట్టి నా వైపు తిరిగాడు.

"బోలుగ పలికింది టీచరమ్మా. ఆ పిల్ల మొగం బోలుగ పలికింది. కప్పు కూలేముందు గట్లనే ఉంటది. అప్పుడు ఎవల సామాను ఏడున్నదని చూస్తమా? అందరిని పిలుస్తం."

ఆయన మెల్లగా మాట్లాడటం నేను మొదటిసారి విన్నాను.

తర్వాత ఆడవాళ్ల రాక తగ్గింది. ఒకసారి పీకిన చెయ్యి మళ్లీ పీకదని నమ్మకమేమిటి అన్నారు. వాళ్ల మాటలో తప్పు పట్టలేను. కొన్నాళ్లకు ఫోన్లు చేతుల్లోకి వచ్చాయి, గదితో పనే లేకుండా పోయింది. శంకర్, స్వరూప, బిడ్డ ఊరు విడిచి ఆదిలాబాద్ దిక్కు వెళ్లిపోయారు. నిర్మల్ అన్నారు కొందరు, ఇంకా పైకి అన్నారు కొందరు. అత్తమామలు కూడా చెప్పేవారు కాదు.

ఆయన మాత్రం గదికి వస్తూనే ఉన్నాడు. ఎవరూ ముట్టని నాలుగు కంప్యూటర్లనూ తెరిచి సున్నకు దించి, జాలీల మీద వేళ్లు పెట్టి చూసి వెళ్లేవాడు. వెళ్లేముందు నన్ను ఒకే మాట అడిగేవాడు.

"ఉన్నడా?"

ఎవరని నేను అడగవలసిన పని లేదు. శంకర్ ఉన్నాడో లేడో నాకు తెలియదు. తెలియని దానికి అవునని తల ఊపడం నాకు చేతకాదు. లెక్కలోనైనా, మనుషుల దగ్గరైనా. అరచెయ్యి తిప్పి 'తెల్వదు' అని చూపేదాన్ని. ఆయన 'మంచిది' అని వెళ్లిపోయేవాడు. ఇది ఏళ్ల తరబడి జరిగింది. వారిని వీరిని అడిగి చూశాను. ఒకరు ఉన్నాడన్నారు. ఒకరు లేడని విన్నామన్నారు. రెండూ కలిపితే జవాబు కాదు.

ఈ ఏడు ఆయన మంచం పట్టాడు. చూడటానికి వెళ్తే గొంతు రాలేదు. ఎప్పుడూ కేకలు పెట్టే మనిషికి ఊపిరే మిగిలింది. పెదవులు కదిలాయి. ఈసారి పెదవులు చదవడం నా వంతైంది. ఉన్నడా అన్నాడు. నేను అరచెయ్యి తిప్పాను. ఆయన ఆ చేతిని పట్టుకుని, వేళ్ల కొసలు నా మణికట్టు మీద ఆనించి, జాలీ మీద పెట్టినట్టే పెట్టి, చాలాసేపు ఉంచాడు. నేను ఏదైనా దాస్తున్నానేమోనని చూశాడనుకుంటాను. దాచడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆ వారంలోనే పోయాడు.

కరీంనగర్ ఆఫీసులో ఎదుటి బెంచీ మీది నుంచి తల తిప్పి చూసింది స్వరూప. జుట్టు నెరిసింది. నేను గుర్తుపట్టేలోపే లేచి వచ్చి నా పక్కన కూర్చుంది.

"టీచరమ్మా, ముసలాయన ఉన్నడా?" అన్నది.

"లేడమ్మా. మొన్ననే."

ఆమె కొంగు కొస వేలికి చుట్టుకుంది. చొప్పదండిలో మామ పేరు మీది భూమి కాగితాల పనికి వచ్చారట. నిర్మల్‌లో కొయ్యబొమ్మలకు రంగులు వేసే చోట పని చేస్తున్నారట. నేను అడగవలసింది అడిగాను.

"శంకర్ ఉన్నడా?"

"గదిగో," అని తెరిచి ఉన్న తలుపులోంచి బయటికి చూపింది. మెట్ల మీద, ఎండలో, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. పక్కనున్న సంచిలో ఫోను మోగుతోంది. అతను దాని వైపు చూడలేదు. మోగి మోగి అదే ఆగిపోయింది.

"ఫోను చెవికి పెట్టడు," అన్నది స్వరూప. "గా దినం సంది. నాతోని సుత పనికింత మాటనే. ఇంట్ల టీవీ సప్పుడు సున్న మీద పెట్టి బొమ్మలు చూసుకుంట కూసుంటడు. బిడ్డకు పెండ్లయింది. అల్లుడు వచ్చి, మామా టీవీ ఖరాబైందా అని అడిగిండు."

నేను మెట్ల వైపే చూస్తున్నాను.

"బతికిచ్చిండని మొక్కాల్నా, బజార్ల నిలవెట్టిండని తిట్టాల్నా, గిన్నేండ్లు ఎటూ తేలలే టీచరమ్మా. తేలితే ఒకపారి వద్దామనుకున్న." కొంగు కొస విప్పేసి, "అడిగేటోడా ఎన్నడన్న?" అన్నది.

"వచ్చినప్పుడల్లా అడిగిండు."

ఆమె టోకెను పిలిచారు. లేచి, కిటికీ దగ్గరికి కాక ముందు బయటికి వెళ్లి, భర్త మోచెయ్యి పట్టి లేపి, లోపలికి తీసుకువచ్చింది. అతను నా ముందు నుంచే నడిచి వెళ్లాడు. నన్ను గుర్తుపట్టాడో లేదో తెలియదు. బతికి ఉన్నాడు. అంతవరకు నేను కళ్లతో చూశాను.

బస్సు దిగి ఇంటికి పోకుండా సమాధుల తోటకు వెళ్లాను. పోయినవాళ్లతో మాట్లాడటం మా సంఘంలో లేదు. నేను ఎన్నడూ చేయలేదు, ఆ రోజూ చేయలేదు. పచ్చి ఆరని మట్టి తలవైపు నిలబడ్డాను. ఆయన ఎప్పుడూ జవాబు కోసం నా ముఖం చూసేవాడే గానీ నా గొంతు వినలేదు కదా. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, ఒక్కసారి అవునని తల ఊపి, ఇంటికి వచ్చాను.